ముసలి పిల్లికి ఒక ఇల్లు



ఈ నెల ఒక పిల్లి సంగతి వ్రాస్తున్నాము. "అయ్యగారికీ అమ్మగారికీ వ్రాయడానికి మనుషుల సంగతులు అయిపోయాయా?" అని కొందరు నవ్వుతారని తెలుసు. మొదట మేమూ అలాగే నవ్వాము.

2023 వేసవిలో మేమిద్దరము మా పెద్దమ్మాయి దగ్గరకు ఇంగ్లండు వెళ్లి ఐదు నెలలు ఉన్నాము. ఆమె అక్కడ ఒక ఆసుపత్రిలో కిడ్నీ రోగుల వార్డులో నర్సు. సెలవు రోజుల్లో దిక్కులేని పిల్లులను ఉంచే షెల్టరుకు వెళ్లి, గదులు కడిగి, వాటికి తిండి పెట్టి వచ్చేది. కావలసినవారు అక్కడికి వచ్చి, నచ్చిన పిల్లిని పెంచుకోవడానికి తీసుకువెళ్తారు. ఒక శనివారం మమ్మల్నీ తీసుకువెళ్లింది.

పిల్లికూనలున్న గదుల ముందు జనం మూగి ఉన్నారు. చివరి గది ముందు ఎవరూ లేరు. లోపల బూడిదరంగు ముసలి పిల్లి ఒకటి గోడవైపు తిరిగి పడుకొని ఉంది. దానికి 15 ఏళ్లు. మనిషి లెక్కలో డెబ్బై అయిదు దాటిన ముసలమ్మ అన్నమాట. దానిని పెంచిన అమ్మగారు లేవలేని స్థితిలో వృద్ధాశ్రమానికి వెళ్లవలసి వచ్చింది. అక్కడ పిల్లిని రానివ్వలేదు. పైగా దానికి మూత్రపిండాలు చెడిపోతున్నాయి. ముసలి పిల్లులకు తరచుగా వచ్చే జబ్బే ఇది. విపరీతంగా నీళ్లు త్రాగుతాయి, మాటిమాటికి మూత్రం పోస్తాయి, ఒళ్లు చిక్కిపోతుంది. పూర్తిగా నయం కాదు. అయితే ప్రత్యేకమైన తిండి, మందు, ఎప్పుడూ అందుబాటులో నీళ్లు ఉంటే కొన్ని నెలలు, ఒక్కోసారి కొన్ని ఏళ్లు కూడా సుఖంగా బ్రతుకుతాయి.

మాకు కొంచెం కోపమే వచ్చింది. ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవారి ప్రక్కన కూర్చొని ప్రార్థించినవాళ్లము. డయాలసిస్‌కు వెళ్లడానికి ఆటో డబ్బులు లేక ఏడ్చిన ఇల్లాళ్లను చూశాము. "అక్కడ మనుషులకు లేదు, ఇక్కడ పిల్లికి వైద్యమా?" అన్నాము.

అమ్మాయి నెమ్మదిగా, "నాన్నా, వారమంతా మనుషులకే చేస్తున్నాను గదా. దయ అనేది గాదెలో వడ్లా, పిల్లికి పోస్తే మనిషికి తరిగిపోవడానికి?" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. తరువాత తెలుసుకున్నాము. మూగజీవాలపై క్రూరత్వాన్ని ఆపడానికి 1824లో లండనులో ఒక సంఘం పుట్టింది. దాని మొదటి కార్యదర్శి ఆర్థర్ బ్రూమ్ అనే సంఘ కాపరి. సంఘం చేసిన అప్పులకు ఆయన 1826లో జైలుకు వెళ్లాడు. మొదటి సమావేశానికి వచ్చిన పెద్దలలో విల్బర్‌ఫోర్స్ ఒకరు. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి జీవితమంతా పోరాడిన ఆ విల్బర్‌ఫోర్సే. మనుషుల కోసం అంత పాటుపడినవానికి గుర్రాలనూ గొడ్లనూ తలంచుకోవడానికి హృదయం చాలకపోలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఒకరితో ఒకరం చెప్పుకోకుండానే ఇద్దరమూ ఒకే సంగతి తలంచుకుంటున్నామని తెల్లవారి తెలిసింది. చాలా ఏళ్ల క్రితం ఒక పాస్టరేటు నుండి మరొక దానికి బదిలీ అయినప్పుడు, మా ఇంట్లో ఒక ముసలి పిల్లి ఉండేది. ఒక కన్ను పోయింది. మా వంటింట్లోనే ఎన్ని కాన్పులైనదో. సామాను లారీకి ఎక్కించి, "పిల్లికి ఇల్లే ముఖ్యం, మనుషులు కాదు" అని మాకు మేమే చెప్పుకొని, కాపలా అతనికి "కాస్త అన్నం పెడుతూ ఉండు" అని వచ్చేశాము. లారీ కదులుతుంటే అది ప్రహరీ గోడ మీద కూర్చొని చూస్తూనే ఉంది. మరుసటి క్రిస్మసుకు వెళ్లినప్పుడు ఆ ఇంటివారు అటువంటి పిల్లిని చూడనే లేదన్నారు. మేము మరి ఎవరినీ అడగలేదు. నమ్మకత్వం గురించి ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్క లేదు గాని, ఆ పిల్లి సంగతి ఎన్నడూ ప్రార్థనలో ఒప్పుకోలేదు.

తరువాతి వారం అమ్మాయి దిగులుగా ఇంటికి వచ్చింది. షెల్టరులోని ముసలి పిల్లిని ఒక కుటుంబం తీసుకువెళ్లి నాలుగో రోజున తిరిగి తెచ్చి ఇచ్చారట. తివాచీ మీద మూత్రం పోసిందని. వారిది తప్పు అనలేము. గది తలుపు మీద ఉన్న చీటీలో "శాంతమైన పిల్లి, కొద్దిపాటి వైద్యం అవసరం" అని మాత్రమే ఉంది. మంచి జరగాలనే అలా వ్రాశారు. కాని సగం చెప్పిన సంగతి ఆ ముసలి ప్రాణిని రెండోసారి ఇల్లు లేనిదానిగా చేసింది.

ముగ్గురమూ భోజనాల బల్ల దగ్గర కూర్చొని క్రొత్త చీటీ వ్రాశాము. వయస్సు 15. మూత్రపిండాల జబ్బు, నయం కాదు. ఒక సంవత్సరం బ్రతుకవచ్చు, అంతకంటె తక్కువే కావచ్చు. నీళ్లు ఎక్కువ త్రాగుతుంది, కాబట్టి మూత్రానికి మట్టి పోసిన పళ్లేలు రెండు చోట్ల పెట్టాలి. రోజూ మందు వేయాలి. రేడియో మ్రోగుతుంటే ఒడిలోకి వచ్చి కూర్చుంటుంది. ఇంతే. షెల్టరువారు ఒప్పుకొన్నారు. అమ్మాయి వెళ్లే సంఘంలో కాపరిగారి అనుమతితో, ఆరాధన తరువాత టీ త్రాగే గదిలో కూడా ఒక చీటీ అంటించాము.

రెండు ఆదివారాలు ఎవరూ రాలేదు. మూడో ఆదివారం 78 ఏళ్ల పెద్దాయన ఒకరు కళ్లజోడు పెట్టుకొని చీటీ అంతా చదివి మా దగ్గరకు వచ్చారు. ఒకప్పుడు బస్సు డ్రైవరు. భార్య చనిపోయింది. "పిల్లికూనను పెంచుకోమని పిల్లలు అంటున్నారు. అది ఇరవై ఏళ్లు బ్రతుకుతుంది, నేను బ్రతుకుతానా? దీనికైతే నేను మాట ఇవ్వగలను" అన్నారు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు: మందు ఎన్ని గంటలకు వేయాలి, రాత్రివేళ కష్టమైతే ఎవరికి ఫోను చేయాలి. మందుల ఖర్చు షెల్టరు భరిస్తుందనీ, ఆయనకే జబ్బు చేస్తే పిల్లిని తిరిగి తీసుకుంటామనీ చెప్పారు.

మొదటి రెండు రోజులు పిల్లి మంచం క్రింద నుండి రాలేదట. ఆయన దానిని లాగలేదు. నేల మీద దిండు వేసుకొని, రేడియో పెట్టుకొని కూర్చున్నారు. మూడో రోజు అదే వచ్చింది. ఎనిమిది నెలలు ఆయన దగ్గర బ్రతికి 2024 వసంతకాలంలో చనిపోయింది. "నాకు విచారం లేదు, ముందే తెలిసి తీసుకున్నాను గదా" అని ఆయన అమ్మాయికి వ్రాశారు.

ప్రియులారా, మన ఊళ్లలో అటువంటి షెల్టర్లు అరుదు. ఎలుకలు పట్టడం మానిన పిల్లిని గోనెసంచిలో వేసి కాలువ అవతల వదిలి వచ్చే అలవాటు మాత్రం ఉంది. దయచేసి అలా చేయకండి. ముసలి పిల్లికి రెండు మూడు చోట్ల నీళ్లు పెట్టండి. ఉప్పుకారం లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప మెత్తగా కలిపి పెట్టండి. చిక్కిపోతుంటే పశువుల డాక్టరుగారికి చూపించండి. మనుషుల జ్వరం మాత్ర పారాసిటమాల్ ఎన్నడూ వేయకండి. అది పిల్లికి విషం, ఒక్క మాత్రే ప్రాణం తీయవచ్చు. ఊరు మారవలసి వచ్చి ఎవరికైనా అప్పగిస్తే, జబ్బు దాచకుండా అంతా చెప్పండి. నిజం విని వెనుకకు పోయేవారు ఎలాగూ పోతారు. నిజం విని కూడా చేయి చాచేవారు ఒక్కరు చాలు. మీ సంఘంలో ఒంటరిగా ఉన్న తాతగారో మామ్మగారో ఆ ఒక్కరు కావచ్చు.

నీనెవె పట్టణాన్ని గూర్చి యోనాతో మాట్లాడినప్పుడు దేవుడు అక్కడి పశువులను కూడా లెక్కలో చేర్చాడు. ప్రహరీ గోడ మీద కూర్చొని మమ్మల్ని చూసిన ఆ ఒంటికంటి పిల్లి కూడా ఆయన లెక్కలో ఉన్నదని ఇప్పుడు నమ్ముతున్నాము. ఆలస్యముగానైనా ఒప్పుకొన్నాము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో సామెతలు 12:10, యోనా 4:11, మత్తయి 10:29 చదవండి. మన ఇంట్లో ఇక పనికిరాదనుకొని ప్రక్కన పెట్టిన ప్రాణి ఏదైనా ఉన్నదా అని పిల్లలను అడగండి. పెద్దలకంటె వారికే ముందు తెలుస్తుంది.

ప్రభువు కృప మీకు తోడై యుండును గాక.