శిఖరముల లెక్క

మార్గశిర పుష్యమాసములు ఆదవాని సీమవారికి తీరిక లేని దినములు. ఆదవాని అంగడి ప్రత్తితో నిండియుండును. సంక్రాంతి దాటినదో లేదో ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర సందడి మొదలగును. వేసవిలో కాలు మోపనీయని కొండరాళ్లు ఈ రెండు నెలలలోనే చల్లబడి మనుష్యుని దగ్గరకు రానిచ్చును. శ్రావణమాసమున రణమండల కొండమీది ఆంజనేయస్వామి దర్శనమునకై జనులు బారులు తీరి యెక్కుదురు. దేవుని పని లేకుండ, కొండను చూచుటకే కొండ యెక్కుట మాత్రము సోమరుల పనియని పెద్దలలో పెక్కురి తలంపు. ఆ తలంపు సరియైనది కాదు.

ఆదవాని కొండలు ఎత్తున చిన్నవే. కోటలోని బారాఖిల్లా, తాలిబండ అను శిఖరములు మైదానమునకు 800 అడుగులకు పైగా లేచియున్నవి. 29,000 అడుగులు దాటిన ఎవరెస్టు ముందు ఇవి యే లెక్కలోనికిని రావు. కాని వయస్సు మాట వచ్చినప్పుడు వరుస తారుమారగును. హిమాలయములు తల యెత్తనారంభించి సుమారు 5 కోట్ల సంవత్సరములైనది. ఈ సీమలోని కణశిల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. హిమవంతుడు దీని ముందు నిన్న పుట్టిన పసిబాలుడు! విజయనగర రాజుల కాలమున ఇది పేరుమోసిన దుర్గము. 1565లో ఆ సామ్రాజ్యము కూలిన పిమ్మట బీజాపూరు సుల్తానుల వశమైనది. 1786లో టిప్పు సుల్తాను దీనిని పట్టుకొనెను. 1800లో నైజాము దీనిని కుంఫిణీవారికి ధారాదత్తము చేసెను. ఇంతమంది కత్తులతోను ఫిరంగులతోను గాని యెక్కలేకపోయిన కొండను నేటి బాలుడు ఒక నీళ్లసీసాతో ఎక్కవచ్చును. అయినను ఎక్కడు.

ఎక్కిన శిఖరములను లెక్క వ్రాసికొను వేడుక పాశ్చాత్య దేశములలో పాతది. స్కాట్లండు దేశమున హ్యూ మన్రో అను పెద్దమనుష్యుడు 3,000 అడుగులు మించిన తన దేశపు కొండలన్నిటికి 1891లో ఒక పట్టిక కూర్చెను. నాటినుండి ఆ పట్టికను పూర్తిచేయుట వేలమందికి వ్రతమైనది. ఇప్పుడందులో 282 పేర్లు కలవు. పట్టిక కూర్చిన మన్రో మాత్రము దానిని ముగింపకయే 1919లో కన్నుమూసెను. ఈ లెక్కపిచ్చిని చూచి నవ్వువారు కలరు. నవ్వనక్కరలేదు. మంచు కురియు తెల్లవారుజామున దుప్పటి తీసి లేచుటకు మానవునకు ఏదో యొక సాకు కావలెను. ఆ సాకు ఒక పట్టికయైన నష్టమేమి? లెక్క మనుష్యుని నడిపించినంతవరకు మంచిదే. అది మనుష్యుని తరుమ నారంభించినప్పుడే చిక్కు.

తెలుగువారిలో ఈ లెక్కను లోకము మెచ్చునట్లు పూర్తిచేసినవాడు మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగము ఆయన జన్మస్థలము. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఖరగ్‌పూరు, కలకత్తాలలోని ఉన్నత విద్యాలయములలో పట్టములు పొంది, పెద్ద కొలువులను కాదని కొండలను వరించెను. ఏడు ఖండముల ఏడు మహాశిఖరములను 2006 జనవరి 19 మొదలు జూలై 10 వరకు, అనగా 172 దినములలో అధిరోహించెను. అటుపిమ్మటను ఆయన ఆగలేదు. 2015 మార్చి నెలలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో ఒక శిఖరమునకు ఒంటరిగా బయలుదేరి, తుపానులో చిక్కి తిరిగిరాలేదు. ఏప్రిలు 3వ తేదీన ఆయన దేహము కనబడెను. ఆయన ధైర్యమునకు తల వంచవలసినదే. కాని ఒంటరితనమును గూడ ధైర్యములో భాగముగా బాలురకు బోధించుట తగదు.

దీనికంటె గట్టి ఆక్షేపణ మరియొకటి కలదు. పశ్చిమ కర్నూలు వానలు తప్పు మెట్టసీమ. పంట పోయిన యేట కోసిగి, పెద్దకడుబూరు ప్రాంతముల కూలివారు ఇండ్లకు తాళములు వేసి మిరప, ప్రత్తి కోతలకై గుంటూరు వైపు సుగ్గికి పోవుదురు. బడిలో పేరున్న పిల్లలును వారి వెంట పోవుదురు. పొట్ట గడవని సీమలో కొండల ముచ్చట యేల యని అడుగువారిని తేలికగా త్రోసివేయరాదు. వారికి తగిన సమాధానము మాలావత్ పూర్ణ జీవితములో నున్నది. ఆమె తల్లిదండ్రులు నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు వ్యవసాయకూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు భువనగిరి బండపై మొదట ఎక్కుట నేర్చినది. డార్జిలింగులోను, లదాఖ్ చలిలోను శిక్షణ పొందినది. 2014 మే 25వ తేదీన, పదునాలుగు నిండకమునుపే, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కూడ టిబెట్టు వైపునుండి ఎవరెస్టును చేరినది. అంత లేతప్రాయమున అంత యెత్తునకు పంపుట అందరును అనుకరింపదగినది కాదు. అందరకు అంత వ్యయము భరించు సంస్థయు దొరకదు. కాని ఆమె మొదటి పాఠము నేర్చిన భువనగిరి బండవంటి బండలకు ఆదవానిలో కొదువ యేమి? లేనిది నేర్పువారే. సుగ్గికి పోవు బిడ్డను ముందుగా బడిలో నిలుపవలెను. నిలిచిన బిడ్డకు కొండ చూపవలెను. ఈ రెండు పనులకు పోటీ లేదు.

ఎక్కుటను గూర్చి ఇంత మాటలాడి, దిగుటను మరచుట లోకరీతి. 8,000 మీటర్లు దాటిన శిఖరములు భూమిపై 14. వానిలో చలికాలమున ఎవరికిని లొంగక చివరకు మిగిలినది కే-2. 2021 జనవరి 16వ తేదీన పదిమంది నేపాలీలు దానిని జయించిరి. వారు శిఖరమునకు కొంచెము దిగువన ఆగి, వెనుకబడినవారు వచ్చువరకు ఆ ఘోరమైన చలిలో వేచి, అందరును కలసి పైకి నడచిరి. మొదటివాడెవడని అడుగుటకు వీలు లేకుండ చేసిరి. అదే దినమున, అదే పర్వతముపై, క్రిందికి దిగుచుండిన స్పెయిను దేశపు ఆరోహకుడు సెర్జి మింగోటె పడి మరణించెను.

బారాఖిల్లాకు ఇంత భయము లేదు. అయినను వేకువ మంచుకు తడిసిన నున్నని బండపై కాలు జారును. జారుట ఎక్కునప్పటికంటె దిగునప్పుడే యెక్కువ. కావున బడిపిల్లలను ఆదివారమున తీసికొనిపోవు ఉపాధ్యాయుడు ఎండ పొడచూపిన పిమ్మట బయలుదేరి, వెనుకబడిన పిల్లవానితో తాను నడచుట మేలు. కోటగోడలపై పేర్లు చెక్కు చేతులకు ఒక నోటుపుస్తకము ఇయ్యవచ్చును. కొండ నడుమ ఒక చెరువు కలదు. అది యెన్నడును ఎండదని ప్రతీతి. ప్రతి పుష్యమాసమున అందలి నీరు ఎంతవరకు నిలిచియున్నదో, పైనుండి చూడగా ఏ దిక్కు చేలు పచ్చగానున్నవో, ఏ దిక్కువి బీడుపడినవో పిల్లలు ఆ పుస్తకమున వ్రాయవచ్చును. సుగ్గికి పోయిన తోడివారు తిరిగివచ్చినపుడు చూచుకొనుటకు ఆ పుస్తకము బడిలో నుండును.