పడవలో చోటు ఎవరికి?

సంఘం పెట్టడం తేలికే. అందులో ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వద్దనాలి అన్న దగ్గరే తగాదాలు పుడతాయి. పల్లెలోని పాల సంఘమైనా, ప్రపంచమంతా పేరున్న విశ్వవిద్యాలయంలోని సంఘమైనా ఈ చిక్కు తప్పదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పడవ పందేల సంఘం చరిత్రే ఇందుకు నిదర్శనం.

ఆ సంఘం 1828లో ఏర్పడింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాన్ని పందేనికి పిలిచింది. 1829 జూన్ 10న హెన్లీ అనే ఊరి దగ్గర థేమ్స్ నదిలో పోటీ జరిగింది. సవాలు చేసిన కేంబ్రిడ్జే ఓడిపోయింది. 1845లో పందేన్ని లండన్‌లోని పట్నీ, మోర్ట్‌లేక్‌ల మధ్యకు మార్చారు. దూరం సుమారు 6.8 కిలోమీటర్లు. 1856 నుంచి రెండు ప్రపంచ యుద్ధాల కాలంలోనూ, కరోనా వచ్చిన 2020లోనూ తప్ప ఏటా పందెం సాగుతూనే ఉంది.

ఒక్కో పడవలో తెడ్లు వేసేవారు ఎనిమిది మంది, చుక్కాని పట్టి వారికి దారి చెప్పేవారు ఒకరు. అందరూ విద్యార్థులే. గెలిచినవారికి డబ్బు రాదు. చలికాలమంతా తెల్లవారకముందే లేచి సాధన చేసి, ఆ తరువాత తరగతులకు వెళతారు. దక్కేది పేరు మాత్రమే.

అయితే ఆ పేరు చాలా కాలం మగవారికే దక్కింది. 1869 నుంచే కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కళాశాల ఉన్నా, మగవారితో సమానంగా వారికి పట్టాలివ్వడానికి విశ్వవిద్యాలయం 1948 దాకా ఒప్పుకోలేదు. నదిలోనూ ఇదే తంతు. 1927లో రెండు విశ్వవిద్యాలయాల అమ్మాయిలు మొదటిసారి పోటీపడినప్పుడు పడవలను పక్కపక్కన నడపనివ్వలేదు. తెడ్లు వేసే తీరునూ, వేగాన్నీ విడివిడిగా చూసి గెలుపు నిర్ణయించారు. కేంబ్రిడ్జి అమ్మాయిలు 1941లో తమ సంఘం తామే పెట్టుకున్నారు. మగవారు పందెం వేసే రోజునే, అదే నదిలో, అదే దూరం పోటీపడే అవకాశం వారికి 2015లో గాని రాలేదు. చివరికి 2020లో పురుషుల సంఘం, మహిళల సంఘం, తక్కువ బరువు గల పురుషుల సంఘం మూడూ కలిసి ఒక్కటయ్యాయి. ఆలస్యమైనా హర్షించదగిన పరిణామం.

తలుపు తెరుచుకుందనుకుంటే 2025లో మరో గొడవ వచ్చింది. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న కేంబ్రిడ్జి విద్యార్థులు ఆ ఏటి పందేనికి అనర్హులన్నారు. వారు చదివేది సర్టిఫికెట్ కోర్సు గనుక డిగ్రీగా లెక్కకు రాదన్నది కారణం. నియమాలు ఉండవలసిందే. లేకుంటే పందెం కోసమే పేరు నమోదు చేయించుకుని, చదువు వదిలేసేవారు బయలుదేరతారు. కాని ఉపాధ్యాయ శిక్షణ అంటే పేరుకు చదివే చదువు కాదు. పగలు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతూ, తాము చదువుకుంటూ, తెల్లవారుజామున తెడ్డు పట్టినవారిని విద్యార్థులు కారనడం ఏ విధంగానూ సబబు కాదు. రేపు ఊరూరా పిల్లలకు అక్షరాలు నేర్పేది వారే గదా!

ఆ ఏడాది మగవారి పందెం, ఆడవారి పందెం రెండూ కేంబ్రిడ్జే గెలిచింది. గెలిచినంత మాత్రాన జరిగిన అన్యాయం చెరిగిపోదు. సభ్యత్వ నియమం దొంగదారిన వచ్చేవారిని ఆపాలి గాని, అర్హులను గట్టున నిలబెట్టరాదు. దీనిని తెలుసుకోవడానికి అంత పెద్ద విశ్వవిద్యాలయానికి ఆడపిల్లల విషయంలో తరాలు పట్టింది. మన ఊళ్లలోని సంఘాల పెద్దలు అంత కాలం ఆగనక్కరలేదు. తమ సభ్యత్వ పుస్తకం ఒకసారి తెరిచి, అందులో ఎవరి పేరు లేదో, ఎందుకు లేదో చూసుకుంటే చాలు.