ప్రింటర్ గీసే సర్క్యూట్లు

ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్‌తోనే సర్క్యూట్లు గీయవచ్చని 2013లో టోక్యో విశ్వవిద్యాలయం, జార్జియా టెక్, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు చేసి చూపించారు. మామూలు పద్ధతిలో బోర్డంతా రాగి పరిచి, అక్కర్లేనిది రసాయనంతో కరిగించేస్తారు. ఇక్కడ గీత కావలసిన చోటే సిరా పడుతుంది. సిరాలో ఉండేవి వెండి నానో కణాలు. ముద్ద వెండి కరగడానికి దాదాపు 961 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఈ కణాలు అంతకన్నా చాలా తక్కువ వేడికే ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే కింది ప్లాస్టిక్ పొర చెక్కుచెదరదు.

చిక్కులూ లేకపోలేదు. నాజిల్ పూడుకుపోతుంది. చుక్క ఆరేటప్పుడు కణాలు అంచులకు చేరి గీత నడుమ పలచబడుతుంది. పదేపదే మడిస్తే పగుళ్లొస్తాయి. డిజైన్ దశలోనే గీత వెడల్పు, మడత పడే చోటు చూసుకుంటే సగం బెడద తీరుతుంది. ఈ సంచిక వ్యాసాలన్నీ ఆ మెలకువల గురించే. చదివి, మీ అనుభవాలూ రాయండి.

— సంపాదకుడు