ఆత్మరక్షణ కాదండీ, సరదా అనండి

డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళినా మూడు కబుర్లు తప్పవు. గ్రీన్ కార్డు క్యూ, ఊళ్ళో స్థలాల రేట్లు, తుపాకులు. మొదటి రెండిటి మీదా ఎవరికి తోచింది వాళ్ళు చెప్పినా ఎవరికీ నష్టం లేదు. మూడోదాని దగ్గర మాత్రం అందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే అబద్ధం చెప్తున్నారు, నా గొడవంతా దాని మీదే. "ఎందుకు కొన్నారండీ?" అంటే "రోజులు బాగాలేవు కదా, ఫ్యామిలీ సేఫ్టీ" అంటారు. సరదా పుట్టి కొన్నానని ఒక్కరూ అనరు.

నా దగ్గరా ఒకటుంది. ఏఆర్-15. తయారుగా ఉన్నది కొనలేదు, విడిభాగాలు తెప్పించి నేనే బిగించుకున్నాను. సరదాకే. ఇలా చెప్పుకోడానికి నాకేం నామోషీ లేదు.

ముందు ఈ "బిల్డ్ చేశాను" అన్న మాట సంగతి చూద్దాం. మనవాళ్ళు ఈ మాట అనేటప్పుడు చూడాలి, ఇనుము కరిగించి పోత పోసినంత గర్వం! అసలు ఇంజనీరింగ్ ఎప్పుడో అయిపోయింది. 1950ల్లో ఆర్మలైట్ అనే కంపెనీలో యూజీన్ స్టోనర్ అనే ఆయన చేశాడు (ఏఆర్ అంటే ఆర్మలైట్ రైఫిలే, అసాల్ట్ రైఫిల్ కాదు). 1959లో ఆ డిజైన్ హక్కులు కోల్ట్ కంపెనీకి వెళ్ళాయి. కొలతలన్నీ దాదాపు ప్రామాణికం అయిపోవడంతో ఒక కంపెనీ గొట్టం ఇంకో కంపెనీ రిసీవర్‌లో కూర్చుంటుంది, మూడో కంపెనీ పిడి దానికి తగులుకుంటుంది. అంటే ఎవరో రాసిన లైబ్రరీలు తెచ్చి మధ్యలో నాలుగు లైన్లు అతికించడం అన్నమాట. మనం ఆఫీసులో చేసేదీ అదే కనుక మనకి బాగా నచ్చుతుంది. ఇందులో ఉన్న అతి పెద్ద కష్టం ఏంటంటే, ఒక పిన్ను వెనకాల ఉండే బుల్లి స్ప్రింగు చేతిలోంచి ఎగిరి కార్పెట్‌లో మాయమవుతుంది. ఇది బిగించిన ప్రతివాడికీ తెలిసిన బాధే.

ఇంకో విచిత్రం ఉంది. ఇన్ని ముక్కల్లో ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకి అంటే ఒక్కటే, సీరియల్ నంబరు ఉండే లోయర్ రిసీవర్. షాపు నుంచి తీసుకోవాలంటే దానికే డీలరు దగ్గర 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి. మిగతావన్నీ, తూటా బయటికొచ్చే గొట్టంతో సహా, పిల్లల డైపర్ల పెట్టె పక్కనే గుమ్మంలో దించేసి పోతారు. చట్టం ఒక్క ముక్కనన్నా తుపాకి అంటోంది. మనవాళ్ళకి అన్నీ కలిసినా తుపాకిలా కనపడదు, కంప్యూటర్ అసెంబుల్ చేసినట్టే ఉంటుంది.

రేంజ్‌కి వెళ్తే ఆ భ్రమ పోతుంది. చెవుల్లో నురుగు బిళ్ళలు, వాటి మీద మఫ్స్, రెండూ పెట్టుకున్నా సరే, రైఫిల్ మోత గుండెల్లో తగులుతుంది. తక్కువేం కాదు, సుమారు 160 డెసిబెల్స్. కొత్తగా బిగించినది కాబట్టి మొదట మ్యాగజైన్‌లో ఒక్క తూటాయే పెట్టాను. పేలింది, ఖాళీ తొడుగు పక్కకి ఎగిరిపడింది, బోల్టు వెనక్కొచ్చి ఆగింది. తర్వాత రెండు, ఆ తర్వాత ఐదు. యాభై గజాల దగ్గర మొదటి ఐదూ కింద ఎడమ పక్కకి పడ్డాయి, కానీ అన్నీ ఒకే చోట గుంపుగా పడ్డాయి. ఇది చాలా మంచి బగ్గు! ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పుని దిద్దడం సులువని మీకు నేను చెప్పక్కర్లేదు. స్కోప్ మీద మరలు టిక్కు టిక్కుమని తిప్పడం, మళ్ళీ కాల్చడం. ఒక ఎంఓఏ అంటే వంద గజాల దగ్గర ఇంచుమించు ఒక అంగుళం. ఆ లెక్కన యాభై గజాల్లో అరంగుళం. ఊపిరి సగం వదిలి ఆపడం, వేలు మెల్లగా నొక్కడం, మోతకి ముందే భుజం ఉలిక్కిపడకుండా చూసుకోవడం. మధ్యలో రేంజ్ ఆఫీసర్ కాల్పులు ఆపమంటే అందరూ తుపాకులు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, గీత వెనక్కి వచ్చి నిలబడాలి. ఎంత పెద్ద మేనేజరైనా నోరు మూసుకుని నిలబడాల్సిందే. రెండు గంటలు ఎలా గడిచాయో తెలీదు. ఆ రెండు గంటల్లో దొంగల గురించి గానీ, ఆత్మరక్షణ గురించి గానీ ఒక్క ఆలోచన రాలేదు. రాదు కూడా. ఎందుకంటే అది ఆట.

ఆట అంటే చిన్నతనమా? మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం తెచ్చాడు. ఆయనకి లేని సిగ్గు మనకెందుకో!

పేరులో ఏముంది అంటారా? పేరులోనే ఉంది. సరదా అనుకున్నవాడు ఇంటికొచ్చి రైఫిల్ ఖాళీ చేసి, తుడిచి, సేఫ్‌లో పెట్టి తాళం వేస్తాడు. తూటాలు వేరే చోట పెడతాడు. ఆత్మరక్షణ అనుకున్నవాడికి అది కుదరదు. అర్ధరాత్రి దొంగ వస్తే తాళాలు వెతుక్కుంటూ కూర్చోలేడు కదా! అందుకని లోడ్ చేసి మంచం పక్కనో, క్లోజెట్ పై అరలోనో పెడతాడు. కుర్చీ వేసుకుని పై అర అందుకోవడం ఆరేళ్ళ పిల్లాడికి ఎంతసేపు? పదిహేడేళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకి అందేలా అజాగ్రత్తగా పెడితే టెక్సాస్‌లో కూడా నేరమే. అమెరికాలో ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళ మరణాల్లో, 2020లో కారు ప్రమాదాల్ని దాటి తుపాకులే మొదటి కారణమయ్యాయి. ఇంకోటి ఎవరూ మాట్లాడరు. ఈ దేశంలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. లేఆఫ్ అయి, అరవై రోజుల గడువు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్న ఇంట్లో లోడ్ చేసిన తుపాకి ఎవరిని రక్షిస్తుందో మీరే చెప్పండి.

"గ్యాస్ స్టేషన్లో మన కుర్రాడిని కాల్చారు కదండీ" అంటారు. నిజమే, ఆ వార్తలు చదివితే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ మీ ఇంటి క్లోజెట్‌లో రైఫిల్ ఆ కుర్రాడికి ఏం సాయం చేసింది? మన ఇళ్ళలో పడే దొంగలు ఎక్కువగా బంగారం కోసం, మనం గుడికో పెళ్ళికో వెళ్ళినప్పుడు పడతారు. నగలతో పాటు రైఫిల్ కూడా ఎత్తుకుపోతారు, అంతే. ఒకవేళ మీరు ఇంట్లో ఉండి కాల్చారే అనుకోండి, ఇక్కడి గోడలు మన ఊళ్ళో ఇటుక గోడలు కావు, చెక్క మీద బిగించిన డ్రైవాల్. రైఫిల్ తూటా ఆ గోడ దాటి పిల్లల గదిలోకి పోతుంది.

వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ఎఫ్1, హెచ్1బి లాంటి వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్నే, మనకి పనికొచ్చేది రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు. "నాది కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా" అంటే చెల్లదు, చేతిలో ఉంటే ఉన్నట్టే. రెహైఫ్ అనే విద్యార్థి కథ చదవండి. మార్కులు రాక ఫ్లోరిడాలో యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది. రేంజ్‌కెళ్ళి గురి చూసి కాల్చాడు, పద్దెనిమిది నెలల శిక్ష పడింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చెయ్యాలంటూ సుప్రీం కోర్టు 2019లో ఆ తీర్పుని పక్కన పెట్టింది గానీ, రేంజ్ కాబట్టి ఫరవాలేదని అనలేదు. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళకి పెంచారు. తుపాకి నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాడిని కూడా పంపించెయ్యొచ్చు. ఇవేవీ చూసుకోకుండా వారాంతం గుంపుగా వెళ్ళి, రైఫిల్ పట్టుకుని ఫొటోలు దిగి, ఫేస్‌బుక్‌లో సాక్ష్యం కూడా తామే పెట్టేస్తున్నారు మన పిల్లలు :) సరదా ఉంటే ముందు వేట లైసెన్సు సంగతి చూసుకోండి, లాయరుని ఒక మాట అడగండి, తర్వాత వెళ్ళండి. 2024లో జార్జియాలో ఒక తెలుగు విద్యార్థి తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. శుభ్రం చెయ్యడానికి ముందు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడాలన్నది ఏ ఫారంలోనూ అడగరు, పక్కనుండి ఎవరైనా నేర్పాలి.

మరి నిజంగానే అర్ధరాత్రి దొంగ వస్తే ఏం చేస్తావని మా బావమరిది అడిగాడు. పిల్లల గదిలోకి పోయి తలుపు గడియ పెట్టుకుని 911కి ఫోన్ చేస్తాను. రైఫిల్ సేఫ్‌లో ఉంటుంది, తూటాలు గరాజ్‌లో ఇంకో తాళం వెనక ఉంటాయి.