గూడెం దీపానికి ఏ ఫలకం?

మీ క్యాలిక్యులేటరు మీద నల్లటి చిన్న గాజుపట్టీ ఉందా? దానికి ఎండే అక్కర్లేదు, గదిలో దీపపు వెలుగు చాలు. అందులో ఉన్నది స్ఫటికం కాని సిలికాన్ పలుచని పొర. 1976లో అమెరికాలో కార్ల్‌సన్, రాన్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు అలాంటి సౌరఘటాన్ని చేసి చూపారు. మామూలు ఫలకంలో సిలికాన్ బిళ్ళ మందం సుమారు 150 మైక్రాన్లు. కాడ్మియం టెల్యూరైడ్ పొరకైతే రెండు మూడు మైక్రాన్లే చాలు! ముడిసరుకు ఎంత ఆదా అవుతుందో చూడండి. అయినా ఇవాళ ప్రపంచంలో అమ్ముడయ్యే ఫలకాల్లో పలుచని పొరలవి నూటికి ఐదు కూడా ఉండవు. మామూలు సిలికానే అంత చవకైపోయింది మరి.

ఇప్పుడు అరకు కొండల సంగతి. ఆ చుట్టుపక్కలే మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి జలవిద్యుత్తు పుడుతోంది. తీగలు మాత్రం ముందు మైదానాలకు దిగాయి. విసిరేసినట్టుండే పది ఇళ్ళ గూడేనికి లోయలు దాటి స్తంభాలు వేయడం ఖరీదైన పని. 2023లో మొదలైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకంలో ఇలాంటి ఇళ్ళకు సౌరవిద్యుత్తు ఇవ్వడం కూడా ఉంది.

వంగే పలుచని ఫలకం తేలిక. నెత్తిన పెట్టుకుని కొండెక్కవచ్చు, గడ్డికప్పుకీ బరువు కాదు. నాకూ ముచ్చటే. కాని అదే వెడల్పుకు కరెంటు తక్కువ. పైన గాజు లేనిది ఎండకీ తేమకీ త్వరగా చెడుతుంది. అందుకే ఇప్పటికి నా ఓటు గాజు వేసిన సిలికాన్ ఫలకానికే. అది పాతికేళ్ళు ఉంటుంది. ముందు చచ్చేది బ్యాటరీ, అదీ శ్రావణంలో ముసురు పట్టినప్పుడు! ఫలకం మీద మిగిలిన డబ్బుతో కాస్త పెద్ద బ్యాటరీ కొనాలి, గూడెంలోనే ఇద్దరు ముగ్గురికి మరమ్మతు నేర్పాలి. ఫ్యూజు పోయిందని పాడేరు దాకా ఎవరు నడుస్తారు?