అంటు మనిషిదా, నీళ్లదా?

ఎపిడమిక్ అనే ఇంగ్లీషు మాటకి మూలం గ్రీకు భాష. 'జనం మీద' అని దాని అర్థం. ఒక చోట మామూలుగా ఉండేదాని కంటే ఎక్కువమంది ఒక్కసారిగా జబ్బున పడితే అది ఎపిడమిక్. తాకితే వచ్చిందా, తాగితే వచ్చిందా, దోమ కుడితే వచ్చిందా అన్నది తర్వాత సంగతి.

మరి మన దగ్గర? పేపర్లూ ఆఫీసర్లూ 'అంటువ్యాధి' అంటారు. అంటు అంటే తాకడం. అంటరానితనం పుట్టింది కూడా ఆ మాటలోంచే గదా! ఇంకో మాట 'మహమ్మారి'. అమ్మవారికి కోపమొచ్చిందట, జాతర చేస్తే పోద్దట. ఒక మాట మనిషిని దోషిని చేస్తది, ఇంకోటి దేవతని చేస్తది. టాంకు కడిగించని వాణ్ణి, పగిలిన పైపు బాగుచేయించని వాణ్ణి మాత్రం ఏ మాటా పట్టుకోదు.

2024 జూన్‌లో జగ్గయ్యపేటలో, చుట్టుపక్కల ఊళ్లలో వాంతులు, విరేచనాలతో పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లంతా ఒకర్నొకరు తాకి మంచాన పడ్డారా? అనుమానం తాగేనీళ్ల మీదికే పోయింది. పైపు మురుక్కాలవలోంచి పోతూ అతుకు ఊడితే, నీళ్లు వదలని వేళ మురుగు లోపలికి దిగుతుంది. అదే మన బిందెలోకొస్తది.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లు లెక్కగట్టాడు. ఒక వీధి పంపు మీద అనుమానపడి దాని చెయ్యి ఊడదీయించాడు. మనుషుల్ని వెలివెయ్యమనలేదు. మన దేశంలో ఏం జరిగింది? 1927లో మహద్‌లో అంబేద్కర్, ఆయన వెంట నడిచిన జనం చెరువు నీళ్లు తాగితే, చెరువు మైలపడిందని అగ్రకులాలు పేడ, ఆవుపంచకం కలిపిన కుండలు అందులో కుమ్మరించాయి. దాన్ని శుద్ధి అన్నాయి!

కరోనా లాంటివి మనిషి నుంచి మనిషికి వస్తాయి, కాదనం. కానీ 2020లో ఆరడుగుల ఎడం పాటించమనడానికి 'సామాజిక దూరం' అన్నారు. ఆ దూరం మనకి కొత్తా? ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ మాట మార్చి 'భౌతిక దూరం' అంది.

నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో ఉన్న కార్యకర్తలారా! రేపు వాడలో నలుగురు మంచాన పడితే ముందు వాళ్లని ఆస్పత్రికి చేర్చండి. తర్వాత జబ్బుపడ్డ ఇళ్లు రాయండి. ఏ ఇల్లు ఏ టాంకు నీళ్లు తాగుతుందో పక్కన రాయండి. ఆ కాయితం పంచాయతీ సెక్రటరీకీ, డాక్టరుకీ ఇచ్చి రసీదు అడగండి. అందులో 'అంటువ్యాధి' అని రాయకండి. 'నీళ్ల వల్ల వచ్చిందని అనుమానం, పరీక్ష చేయించండి' అని రాయండి. అప్పుడు జవాబు చెప్పాల్సింది వాడ కాదు, ఆఫీసు.