యంత్రమునకు అప్పగింపరాని నిర్ణయము

తీగలు లేకుండ సమాచారమును పంపు విద్య నేడు సామాన్యమైనది. 1971వ సంవత్సరమున హవాయి విశ్వవిద్యాలయమునకు చెందిన నార్మన్ ఆబ్రమ్‌సన్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును వేర్వేరు ద్వీపములలోని వారిని రేడియో తరంగముల ద్వారా ఒక కంప్యూటరుతో కలిపిరి. ఆ ఏర్పాటునకు ‘అలోహా నెట్’ అని పేరు. అందలి నియమము సులభమైనది. చెప్పవలసినది గలవాడు వెంటనే చెప్పవచ్చును. ఇద్దరి సందేశములు ఢీకొని చెడినచో, ఇద్దరును కొంతసేపు ఆగి మరల పంపవలెను. ఈ పద్ధతి ఎంత చక్కగా నడచినను కాలములో ఐదవ వంతైనను సద్వినియోగము కాజాలదు. అందుచేత 1997లో వెలువడిన వై-ఫై ప్రమాణములో మరియొక మర్యాద గూడ విధింపబడినది. మొదట వినవలెను, ఎవరును మాటలాడనప్పుడే మాటలాడవలెను.

ఇద్దరు ముగ్గురున్నచోట ఈ మర్యాద చాలును. జనసమ్మర్దమున్న చోట చాలదు. మన దేశమున 2016 జనవరిలో ముంబై సెంట్రల్ రైల్వే స్టేషనునందు రైల్‌టెల్, గూగుల్ సంస్థలు కలసి ప్రయాణికులకు ఉచిత వై-ఫై సౌకర్యమును ప్రారంభించినవి. తరువాత అది వేలకొలది స్టేషనులకు వ్యాపించినది. ఇట్టి చోట్ల స్తంభములకును, కప్పులకును చిన్న పెట్టెలు అమర్చబడియుండును. వీనినే యాక్సెస్ పాయింట్లు అందురు. ప్రయాణికుల ఫోనులు వీని ద్వారానే ఇంటర్నెట్టును చేరును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములపై ఒకదానిలో నొకటి చొరబడని ఛానెళ్లు సాధారణముగా మూడే: 1, 6, 11. ఇరుగుపొరుగు పెట్టెలు ఒకే ఛానెలును వాడినచో, ఒకదాని కొరకు మరియొకటి వేచియుండవలెను. శక్తిని పెంచిన సరిపోవునని కొందరు తలతురు. పెట్టె కేక దూరము పోవును గాని, ఫోను యొక్క బలహీనమైన గొంతు తిరిగి పెట్టెను చేరదు. పైగా పొరుగు పెట్టెల పని చెడును. మనుష్య శరీరములు గూడ ఈ తరంగములను పీల్చుకొనును. కావున ప్లాట్‌ఫారము ఖాళీగా నున్నప్పుడు చక్కగానున్న అమరిక, రైలు వచ్చి జనము నిండగనే పనికిరాకుండ పోవచ్చును.

ఇట్టి చిక్కులను తీర్చుటకు యంత్రాభ్యసనము, అనగా మెషిన్ లెర్నింగ్, ఉపయోగపడుచున్నది. 1959లో ఆర్థర్ శామ్యూల్, చెకర్స్ అను ఆటను ఆడుచు తన అనుభవమునుండి తానే నేర్చుకొను ప్రోగ్రామును గూర్చి వ్రాసిన వ్యాసము ఈ విద్యకు ప్రసిద్ధి తెచ్చినది. ప్రతి నియమమును మనుష్యుడు వ్రాసి యీయక, జరిగినదానినుండి యంత్రము నేర్చుకొనునట్లు చేయుట దీని సారము. ఏ పెట్టెపై నెన్ని ఫోనులు కలవు, ఎన్ని సందేశములు చెడినవి, ఎంత ఆలస్యమైనది అను లెక్కలను యంత్రము అనుదినము గ్రహించును. ఏ వేళకు ఏ ప్లాట్‌ఫారమున రద్దీ పెరుగునో ముందే ఊహించును. ఛానెళ్లను మార్చును, శక్తిని తగ్గించును, పెంచును, బరువెక్కిన పెట్టెనుండి కొందరిని పొరుగు పెట్టెకు మరల్చును. నూర్లకొలది పెట్టెలను రేయింబవళ్లు కనిపెట్టియుండుట మనుష్యునకు సాధ్యము కాదు. కావున ఈ పనిని యంత్రమున కప్పగించుటయే తప్పనువారి వాదము నిలువదు.

అయితే యంత్రమునకు ‘మంచి’ యననేమో తెలియదు. ఒక అంకెను చూపి, ‘దీనిని పెంచుము’ అని మనుష్యుడు చెప్పవలెను. ఆ అంకె సగటు వేగమే యయినచో ఏమి జరుగును? పదిమంది ప్రయాణికులున్నారనుకొందము. ఒక అమరికలో తొమ్మండుగురికి సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున లభించును. ప్లాట్‌ఫారము చివరనున్న పదవవానికి ఏమియు లభింపదు. సగటు 45. మరియొక అమరికలో పదిమందికిని 40 చొప్పున లభించును. సగటు 40. యంత్రము మొదటి అమరికనే మెచ్చును. దానికి పదవవానిపై ద్వేషము లేదు. చెప్పిన లెక్కను చెప్పినట్లు చేసినది. కాని టికెట్టు చూపుటకో, ఇంటికి కబురు పంపుటకో 50 మెగాబిట్ల వేగ మక్కరలేదు. పదవవాని కత్యవసరమైన కొంచెమును, తక్కినవారికి అక్కరలేని అధికముగా మార్చుట న్యాయము కాదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరియొకటి గలదు. పెట్టెతో కలియలేని ఫోనునుండి వేగపు లెక్కయే రాదు. అప్పుడు పదవవాడు సున్నగానైనను లెక్కలో కనబడడు. తొమ్మండుగురి సగటు 50 అని తెరపై వెలుగును. అంతయు బాగుగనున్నదని అధికారులు సంతసింతురు. ‘అడుగనిదే అమ్మయైనను పెట్టదు’ అని లోకోక్తి. ఇచట అడుగుటకే నోరు లేనివాడు మరుగున పడుచున్నాడు.

కావున కొలతను నిర్ణయించు పని మనుష్యులదే కావలెను. అందరికంటె తక్కువ పొందువాని కెంత లభించుచున్నదో మొదట చూడవలెను. ప్రతివానికి అవసరమైనంత చేరిన పిదపనే మిగిలినదానిని పెంచవలెను. ఆ నియమమును అందరికి తెలియునట్లు ప్రకటింపవలెను. ఛానెలు మారినప్పుడెల్ల ఫోనుల పని కొంత తెగిపోవుట కలదు. కనుక యంత్రము క్రొత్త ప్రయోగములను రద్దీవేళ గాక, జనము పలుచనైన వేళ చేయునట్లు కట్టడి చేయవలెను. నిర్వాహకుడు తెరముందే కూర్చుండక, అప్పుడప్పుడు ఫోను చేతబట్టి ప్లాట్‌ఫారము చివరిదాక నడచి చూడవలెను. ఇట్లు చేసినచో సగటు తగ్గునని కొందరు ఆక్షేపింతురు. నిజమే, 45 నుండి 40కి దిగును. పదవవానిని లెక్కలోనికి తెచ్చుటకు చెల్లింపదగిన వెల అది.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇట్టి యంత్రములను నడుపువారగుదురు. వేగ మెంత అని మాత్రమే అడుగువాడు యంత్రమునకు సేవకుడగును. ఎవరికి అందలేదు అని అడుగువాడే దానికి యజమాని కాగలడు.